మా ఇంట్లో సంఘం అంటే రెండు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. బైబిలు పట్టిన చేత్తో ఎర్రజెండా పట్టకూడదని, అట్లా రెండూ పట్టేవాళ్లు దేనికీ కట్టుబడి ఉండరని ఆయన తేల్చేశారు. మూడు రోజులకు దానికి జవాబు వచ్చింది. మతం మత్తుమందు, ఆ మత్తు దిగేదాకా దళితవాడలు లేవవు అని రెండో ఆయన రాశారు. రెండు ఉత్తరాలూ మావంటి వాడల గురించే. రాసిన ఇద్దరిలో ఎవరూ మావంటి వాడలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదని చదువుతుంటేనే తెలిసిపోయింది. నా ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. దయచేసి కత్తిరించకుండా వేయండి.

నాది నకిరేకల్ దగ్గరి ఊరు. వయసు 53. ఇరవై ఆరేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. మా యూనియన్‌లో సభ్యురాలిని, మా చర్చిలో స్త్రీల సమాజం కార్యదర్శిని. 2023 సెప్టెంబర్‌లో రాష్ట్రమంతా అంగన్‌వాడీలం సమ్మె చేసినప్పుడు పగలంతా టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చాను, రాత్రి ఇంటికొచ్చి మోకాళ్లూని ప్రార్థన చేసుకున్నాను. ప్రార్థనలో అడిగిందీ జీతం గురించే.

మా ఇంట్లో సంఘం అనే మాటకు రెండు అర్థాలుండేవి. అమ్మ సంఘం అంటే చర్చి విశ్వాసులు. నాయిన సంఘం అంటే కమ్యూనిస్టు పార్టీ. రజాకార్ల కాలంలో ఆంధ్రమహాసభను మా తాతల తరం సంఘం అనే పిలిచింది. పార్టీ పేరు మారినా, 1964లో చీలినా నాయిన నోట ఆ మాట మారలేదు. చీకటి పడ్డాక వాకిట్లో ఎవరో కేకేసి "సంఘపోళ్లు వస్తున్నరు" అంటే, మేం పిల్లలం "ఏ సంఘపోళ్లు?" అని అడిగేవాళ్లం. చర్చి వాళ్లయితే చాపలు పరవాలి, వాళ్లు కింద కూర్చుని పాటలు పాడతారు. పార్టీ వాళ్లయితే మంచాలు వాల్చాలి, అర్ధరాత్రి దాకా మాట్లాడతారు. చాయ్ మాత్రం ఇద్దరికీ ఒకే గిన్నెలో కాగేది.

మా తాత దొర గడీకి వెట్టి చేసినవాడు. మోట బొక్కెనకు తొండం కుట్టాలి, దొర ఇంటిల్లిపాదికీ చెప్పులు కుట్టాలి, గొడ్డు చస్తే మోయాలి. పైసా ఇచ్చేది లేదు. దొర చెప్పులు కుట్టిన మనిషి గడీ ముందర నుంచి పోవాలంటే తన చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. 1946 జులై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమురయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాడు. అప్పట్లో ఆ ఊరు మా నల్లగొండ జిల్లాలోదే. ఆ తర్వాత సంఘం మా ఊరికీ వచ్చింది. గుతపలు పట్టుకుని జనం గడీ మీదికి పోయిన రోజు తాత చెప్పులేసుకుని పోయాడట. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన గడీని పెద్దగా వర్ణించేవాడు కాదు. తన చెప్పుల చప్పుడు తనకు వినబడిందని మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చరిత్ర చెప్పుకుంటుంది. అందులో మా తాతకు వచ్చింది ఎకరంన్నర చెలక. ఒక్క పంట తీశాడు, జొన్న. 1948 సెప్టెంబర్‌లో భారత యూనియన్ సైన్యం వచ్చింది, దాని వెనుకే దొర వచ్చాడు, చెలక పోయింది. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. మరుసటి ఏడు ఎన్నికల్లో నల్లగొండ నుంచి పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి గారు దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఓట్లతో, నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆ ఓట్లలో తాతదొకటి, నాయనమ్మదొకటి. అయినా చెలక రాలేదు.

నాయనమ్మ చర్చి గడప తొక్కింది ఆ చెలక పోయిన కాలంలోనే. ఎందుకు పోయావని చిన్నప్పుడు అడిగితే, "ఆడ నన్ను పేరు పెట్టి పిలిచిన్రు బిడ్డా" అంది. ఊర్లో ఆమెను ఒసేయ్ అనేవాళ్లు, కాదంటే ఫలానావాడి పెండ్లం అనేవాళ్లు. చర్చి పుస్తకంలో ఆమె పేరు పూర్తిగా రాసుకున్నారు. మతం మారితే బియ్యం బస్తా ఇస్తారనీ, పాలపొడి ఇస్తారనీ ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. పాలపొడి వచ్చిన కాలం ఉంది, నేను కాదనను. కానీ పాలపొడి అయిపోయి యాభై ఏళ్లు దాటింది. చర్చి నిండే ఉంది.

ఆ చర్చిలోనే, ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పే బైబిలు స్త్రీ ఒకామె మా అమ్మకు అక్షరాలు నేర్పింది. బడి మొహం చూడని అమ్మ కీర్తనల పుస్తకంలో వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. నాయినకు చదువు రాదు. పదో ఏట జీతగాడిగా చేరినవాడు, చదువెక్కడిది? పార్టీ పత్రిక ఊరికి రెండ్రోజులు ఆలస్యంగా వచ్చేది. సాయంత్రం దీపం ముందు అమ్మ దాన్ని గట్టిగా చదివితే నాయినా, ఇంకో నలుగురు కూలీలూ వినేవాళ్లు. బైబిలు చదివే రాగంలోనే చదివేది. వియత్నాం అనే మాట ఆమె నోట్లో యెరూషలేములాగానే పలికేది. మత్తుమందు అని రాసిన ఆయనకు ఈ ఒక్క దృశ్యం చూపించాలని ఉంది. మా ఊరి కూలీలకు పార్టీ మాట చేరింది చర్చి నేర్పిన చదువు మీదుగానే.

ఈ రెంటికీ పడకపోవడానికి కారణం లేకపోలేదు. నాకు చాలా ఏళ్లు అంతుపట్టలేదు. మా పాత చర్చి పెద్దలు ఎర్రజెండా కనబడితే ఎందుకంత వణికేవాళ్లు? మిషను వార్షికోత్సవంలో ఒక పెద్దాయన చెప్తే తెలిసింది, తర్వాత ఆసక్తి కొద్దీ చదివాను. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చి మిషను పెట్టినవాళ్లు ఫ్రీసన్ దంపతులు. అమెరికా బాప్టిస్టు మిషను తరఫున వచ్చారు గానీ వాళ్లు అమెరికా వాళ్లు కారు. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద సేద్యం చేసుకునే మెన్నోనైటు శాఖ క్రైస్తవులు, జర్మన్ మాట్లాడేవాళ్లు. వాళ్ల వెనుక సూర్యాపేట వైపు వచ్చినవాళ్లూ అక్కడివాళ్లే. నల్లగొండ దవాఖానకూ బడికీ చందాలు రష్యా పల్లెల నుంచి వచ్చేవి. 1914 యుద్ధం, 1917 విప్లవం, ఆ తర్వాత అంతర్యుద్ధం, 1921-22 కరువు. ఆ ఊళ్లు దోపిడీకి గురయ్యాయి, మనుషులు చచ్చారు. 1920లలో సుమారు 20 వేల మంది మెన్నోనైటులు ఇల్లూ పొలమూ వదిలి కెనడా పోయారు. 1931లో మాస్కోలో పెద్ద చర్చినే బాంబులు పెట్టి కూల్చారు.

అంటే రష్యాలో ఎర్రజెండా వల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బంధువులు మా జిల్లాలో సువార్త చెప్పారు. అదే ఎర్రజెండా వల్ల మా తాతకు ఎకరంన్నర వచ్చింది. వాళ్ల భయమూ నిజమే, మా తాత సంతోషమూ నిజమే. ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒకే చర్చి బెంచీల మీద కూర్చున్నాయని తెలిశాక నాకు పాత పెద్దల మీద కోపం తగ్గింది. కానీ ఆ భయాన్ని వాళ్లు మాకు కారణం చెప్పకుండా అంటించారు. వాళ్ల ఊళ్లు కాలిపోయిన సంగతి చెప్పి ఉంటే మేం అర్థం చేసుకునేవాళ్లం. కమ్యూనిస్టు అంటే సైతాను అని మాత్రమే చెప్పారు. ఆదివారం ఆ మాట విని ఇంటికొస్తే, నాయిన వాకిట్లో కూర్చుని మా కోసం రేగుపండ్లు ఏరుతుండేవాడు.

పైస్థాయిలో జరిగిన సంగతులు మీ పాఠకులకు తెలిసినవే, తొందరగా చెప్పి దాటేస్తాను. 1949లో పోపు కమ్యూనిస్టులను వెలివేస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ గారి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించడానికి చర్చిలు వీధుల్లోకి వచ్చాయి, జులై 31న ఢిల్లీ ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది. ఇంకో పక్క, ఎల్ సాల్వడార్‌లో పేదల తరఫున మాట్లాడిన ఆర్చిబిషప్ రొమేరోను 1980 మార్చి 24న పూజ చేస్తుండగానే కాల్చారు. కమ్యూనిస్టులతో కలిశాడని నింద మోసిన ఆయనను చర్చే 2018లో పునీతుణ్ని చేసింది. మన దేశంలో ఆదివాసుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి ఫాదర్‌ను 83 ఏళ్ల వయసులో జైల్లో పెట్టారు. చేతులు వణికే మనిషి, నీళ్లు తాగడానికి స్ట్రా ఉన్న గ్లాసు కోసం కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. 2021 జులై 5న కస్టడీలోనే చనిపోయారు. ఆయన కోసం నకిరేకల్‌లో కొవ్వొత్తులు పట్టుకున్నది ఎర్రజెండా వాళ్లు. మా చర్చి నుంచి నేనూ ఇంకో ఇద్దరమూ పోయాం. ఆయన కాథలిక్కు, మేం బాప్టిస్టులం అని చర్చి పెద్ద ఒకాయన సాకు చెప్పాడు. ఆ సాకు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మా ఊరి సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

నాకు పదకొండేళ్లప్పుడు నాట్ల కూలి పెంచాలని ఆడవాళ్లు పని ఆపారు. మూసీ కాలువ కింద నాట్లు ఆగితే రైతులకు ఊపిరాడదు. అప్పుడు కూలి వడ్ల లెక్కన ఉండేది. రెండు మానికల నుంచి మూడు చేయాలని అడిగారు. పార్టీ పిలుపిచ్చింది, నాయిన ముందుండి నడిపాడు. మొదటి నాలుగు రోజులు అందరూ గట్టిగానే ఉన్నారు. ఆరో రోజుకు పొయ్యిలు వెలగడం తగ్గింది. రైతులు పక్క తాలూకా నుంచి కూలీలను తెస్తామని బెదిరించారు. ఎనిమిదో రోజు మా వాడలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పిల్లల ఏడుపు చూడలేక పనికి పోతామన్నారు.

మా చర్చిలో పిడికెడు బియ్యం అనే పద్ధతి ఉంది. ప్రతి ఇంట్లో ఆడమనిషి అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంతలు తెచ్చి చర్చిలో రేకు డబ్బాలో పోస్తారు. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు స్త్రీల సమాజం ఖాతాలోకి పోతుంది. ఆ ఏడు డబ్బా తాళం మా అమ్మ దగ్గర ఉంది. డబ్బా మోకాలెత్తు ఉండేది, మూతకు నల్ల పెయింటుతో శిలువ గీసి ఉండేది. ఎనిమిదో రోజు సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని చర్చికి పోయింది. తాళం తీసి మూతెత్తింది. బియ్యం రకరకాలుగా ఉంది, దొడ్డువి, సన్నవి, నూకలు, కొంత ఎర్రగా పురుగు పట్టింది. అన్ని ఇళ్ల బియ్యమూ ఆ ఒక్క డబ్బాలో కలిసిపోయింది. అమ్మ సోలతో కొలిచి ఇంటింటికీ పోసింది. చర్చికి రాని ఇళ్లకూ పోసింది. మాది కాని వాడకూ పోసింది. ఎవరికెంత పోసిందో నాతో నోటుబుక్కులో రాయించింది.

అప్పటి పాస్టరు అయ్యగారు ముసలాయన. గుమ్మంలో నిలబడి చూశారు. "ఎవరినడిగి తీసినవమ్మా?" అన్నారు. "ఎవరు పోసిన్రో వాళ్లనడిగిన అయ్యగారూ" అంది అమ్మ. ఆయన ఇంకేమీ అనలేదు. కొంచెం సేపటికి లోపలికి పోయి, తనకు వచ్చిన కోత పండుగ వడ్లలో ఒక బస్తా దొర్లించుకుంటూ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టారు. పన్నెండో రోజు రైతులు దిగివచ్చారు. మూడు మానికలు కాలేదు. రెండున్నరకు ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాత మిషను పెద్దలు పాస్టరుగారిని పిలిపించి రాజకీయాలకు కానుక వాడావని మందలించారు. ఏడాది తిరక్కముందే బదిలీ చేశారు. పార్టీ వాళ్లు ఆ సమ్మె మీద కరపత్రం వేశారు. అందులో కార్మికవర్గ ఐక్యత ఉంది, నాయకుల పేర్లున్నాయి, బియ్యం డబ్బా లేదు. చర్చి వార్షికోత్సవ పుస్తకంలో ఏ ఏడు ఎంతమందికి బాప్తిస్మాలు ఇచ్చారో ఉంది, ఎవరు గంట దానం చేశారో ఉంది, బియ్యం డబ్బా లేదు. మీ పత్రికలో ఉత్తరాలు రాసిన ఇద్దరు పెద్దమనుషులూ బహుశా ఆ రెండు రకాల పుస్తకాలే చదివి ఉంటారు. నా దగ్గర నోటుబుక్కు ఉంది. అరవై రెండు ఇళ్లు. నా పిల్లరాతలో సోలల లెక్క.

మా పార్టీ క్లాసుల్లో ఒక సారు ఉండేవారు, మంచి మనిషి. మార్క్స్ మత్తుమందు మాట చెప్పినప్పుడు నేను లేచి, ఆ మాటకు ముందు ఏముందని అడిగాను. ఆయన దాచలేదు. 1844లో రాసిన ఆ వాక్యాల్లోనే మతం అణగారిన జీవి నిట్టూర్పు అని, హృదయం లేని లోకానికి హృదయం అని ఉందని చదివి వినిపించారు. 1894లో ఎంగెల్స్ అయితే తొలినాటి క్రైస్తవం బానిసల, పేదల ఉద్యమమని, అప్పటి కార్మికోద్యమానికి దానితో పోలికలున్నాయని రాశాడట. అన్నీ తెలిసిన పార్టీ ఊళ్లోకి వచ్చేసరికి ఒక్క ముక్క ఎందుకు పట్టుకొస్తుందో నాకు అర్థం కాదు.

చర్చి మాత్రం తక్కువ తినలేదు. తొలి విశ్వాసులు ఆస్తులమ్మి ఎవరి అక్కర కొద్దీ వాళ్లకు పంచిపెట్టారని అపొస్తలుల కార్యాల్లో ఉంది. యాభయ్యో ఏట ఎవరి భూమి వాళ్లకు తిరిగి రావాలని లేవీయకాండం 25లో ఉంది. మా తాత చెలక పోయి యాభై ఏళ్లు 1998కే నిండాయి. ఆ అధ్యాయం మీద ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు. చర్చికి ఇవ్వాల్సిన దశమ భాగం మీద మాత్రం ఏడాదికి నాలుగైదుసార్లు వింటాను. ఈ మధ్య వచ్చే సభల్లో అయితే అప్పులు తీరాలంటే విత్తనం వేయమంటారు, విత్తనం అంటే డబ్బు. నాట్లేసే ఆడవాళ్లకు విత్తనం గురించి చెప్పేది ఇదా?

కులం సంగతి కూడా చెప్పాలి. రెండు పక్కలా బాధ ఉంది. నాయిన పార్టీలో 41 ఏళ్లున్నాడు. రెండు గ్లాసుల పద్ధతి మీద మా మండలంలో కొట్లాడింది ఆ పార్టీ అనుబంధ సంఘమే. మా ఊరి హోటల్లో వేరే గ్లాసులు పోయింది వాళ్ల వల్లే, అది నేను మర్చిపోను. కానీ పెద్దకులపు నాయకుడొకాయన ఇంట్లో నాయిన ఎన్నడూ అరుగు దాటలేదు. ఆయన రమ్మనలేదు, నాయిన పోలేదు. చర్చి సంగతికొస్తే, మా పక్క ఊర్లో మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి. మధ్యలో నూరు గజాలు కూడా లేవు. ఒకే యేసు, ఒకే పాటల పుస్తకం, వేరే గంటలు.

ఇంకొకటి నా సర్టిఫికెట్. 1978లో బడిలో వేసేటప్పుడు నన్ను అమ్మ తీసుకుపోయింది. సారు మతమేంటని అడిగితే "క్రీస్తు" అంది. నేను బీసీ-సి అయ్యాను. రెండేళ్లకు తమ్ముణ్ని నాయిన తీసుకుపోయాడు. కులమేంటని అడిగితే "మాదిగ" అన్నాడు. వాడు ఎస్సీ అయ్యాడు. ఒకే తల్లి కడుపు, ఒకే ఇల్లు, వానొస్తే ఒకే మూలన కారే కప్పు. బీసీ-సి అంటే క్రైస్తవులైన దళితులకు పెట్టిన వర్గం, చదువులో, ఉద్యోగాల్లో ఒక్క శాతం రిజర్వేషన్. వాడికి హాస్టల్ సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ వచ్చింది, డిగ్రీ చదివాడు. నేను పదితో ఆగిపోయాను. కారణం ఇదొక్కటే అనను, ఆడపిల్లను కావడమూ ఉంది. కానీ హోటల్లో మా ఇద్దరికీ గ్లాసు ఒక్క పక్కనే పెట్టారు. నా మతమేంటని హోటలాయన ఏనాడూ అడగలేదు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా వల్ల ఇది జరిగింది. హిందువులు కానివాళ్లు ఎస్సీలు కారని ఆ పేరా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. దళిత క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈ హోదా ఇవ్వాలని లెఫ్ట్ పార్టీలు చాలా ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ సంగతి మా చర్చిలో పదిమందికి కూడా తెలియదు. చెప్పడానికి పార్టీ వాళ్లెవరూ చర్చి మెట్లెక్కలేదు. ఆగస్టు 10న నల్లబ్యాడ్జీలు పెట్టుకునే మా పెద్దలూ పార్టీ ఆఫీసు మెట్లెక్కలేదు. రెంటి మధ్య ఒక సీసీ రోడ్డు, ఒక బోరింగు ఉన్నాయంతే.

రెండేళ్ల కింద ఎండాకాలంలో నాయిన పోయాడు. శవాన్ని వాకిట్లో వేపచెట్టు కింద పెట్టాం. పార్టీ వాళ్లు వచ్చి జెండా కప్పారు. నాయిన బాప్తిస్మం తీసుకోలేదు. కానీ చర్చి కప్పుకు రేకులు మోసినవాడు, క్రిస్మస్ నక్షత్రానికి వెదురు చీల్చి ఇచ్చినవాడు. అమ్మ ప్రార్థన చేయించమంది. ఇప్పటి పాస్టరుగారు వచ్చి చూసి, "జెండా తీస్తెనే ప్రార్థన చేస్త" అన్నారు. పార్టీ నాయకుడు, "కామ్రేడ్‌కు జెండా లేకుండ ఎట్ల సాగనంపుతం? తీస్తే మేం పోతం" అన్నాడు. గొంతులు లేచాయి. ఎండ ముదురుతోంది, శవం మీద ఈగలు తోలుతూ మా వదిన కూర్చుంది. డోలక్ తెచ్చినాయన, డప్పు తెచ్చినాయన ఎవరు వాయించాలో తెలియక నిలబడ్డారు. నిజానికి వాళ్లు అన్నదమ్ములు. ఆదివారం చర్చిలో, మే డే నాడు జెండా దగ్గర ఇద్దరూ కలిసే వాయిస్తారు.

అమ్మ లేచింది. ఎవరితోనూ మాట్లాడలేదు. జెండా తీసింది. అందరూ చూస్తుండగా నాలుగు మడతలు పెట్టింది, సుత్తీ కొడవలీ పైకి వచ్చేటట్టు. నాయిన ఛాతీ మీద పెట్టి, ఆయన చేతులు రెండూ దాని మీదికి తెచ్చింది. చేతులు బిగుసుకుపోయాయి, నేను పట్టుకోవాల్సి వచ్చింది. పైన తెల్లగుడ్డ మెడ దాకా కప్పింది. "ఇగ కానియ్యున్రి" అంది.

పాస్టరుగారు ప్రార్థన చేశారు, చిన్నగా. పార్టీ వాళ్లు రోడ్డు అవతలికి పోయి నిలబడ్డారు గానీ వెళ్లిపోలేదు. గుంత దగ్గర మట్టి వేశాక, పాస్టరుగారు వెళ్లాక, ఇద్దరు మాట్లాడారు, పిడికిళ్లు ఎత్తారు. అమ్మ ఎత్తలేదు. ఆమె మట్టి పట్టుకునే ఉంది. ఏడాదికి నాపరాయి పెట్టించేటప్పుడు చెక్కేవాడు ఏం రాయాలని అడిగాడు. పేరు, తేదీలు, కింద "సంఘ సభ్యుడు" అని రాయమంది.

ఆ ఇద్దరి మీదా ఇప్పుడు నాకు కోపం లేదు. పాస్టరుగారు నిండా ముప్పై ఏళ్లు లేని పిల్లాడు, ఆయనకు పైనుంచి భయం. నాయకుడు నాయిన శిష్యుడే, దుఃఖంలో ఉన్నాడు. కానీ ఆ పూట మా అమ్మను అట్లా నిలబెట్టే హక్కు ఇద్దరికీ లేదు. మమ్మల్ని తిట్టేవాళ్లకు ఈ తేడాలేవీ పట్టవు. పరాయి దేశపు మతమని చర్చిని, పరాయి దేశపు సిద్ధాంతమని పార్టీని ఒకే నోటితో అంటారు. బయటివాళ్లు ఒక్కటిగా చూస్తుంటే లోపల మనం ఒకరి ముఖం ఒకరం చూసుకోం.

ఇంతకూ రాయడానికి తక్షణ కారణం ఆ సమాధుల జాగానే. పన్నెండు గుంటల నేల. మా వాడ చర్చి వాళ్లనూ, చర్చికి రానివాళ్లనూ అందులోనే పెడతాం. తాత, నాయనమ్మ, నాయిన అక్కడే ఉన్నారు. పక్కన వెంచర్ వేశారు. ఈ వానాకాలంలో హద్దురాళ్లు, అంటే కడీలు, పాతుకుంటూ రెండు గుంటల లోపలికి వచ్చారు. మా చర్చి పెద్దలు ప్రార్థనలో పెడదామన్నారు. పార్టీ వాళ్లు ధర్నా చేద్దామన్నారు గానీ, అది క్రైస్తవుల సమాధుల సమస్య కదా, ముందు చర్చి కదలాలి అన్నారు. చర్చి వాళ్లు పార్టీ వస్తే రాజకీయమవుతుందన్నారు. నెలన్నర గడిచింది. ఇంకో నాలుగు కడీలు పడ్డాయి.

స్త్రీల సమాజం తరఫున నేను కలెక్టరేట్ ప్రజావాణికి దరఖాస్తు రాశాను. సర్వే నంబరు వేశాను, పాత పహాణీ నకలు జత చేశాను. వచ్చే సోమవారం నల్లగొండ పోతున్నాం, ఆటోలు మాట్లాడాం, అమ్మ కూడా వస్తానంది. కాయితం కింద మా ఆడవాళ్లవి నలభై ఏడు సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. అన్నిటికన్నా పైన పక్కపక్కన రెండు సంతకాలకు జాగా వదిలాను, ఒకటి మా పాస్టరుగారికి, ఒకటి మండల కార్యదర్శికి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర, సాయంత్రం ఆరింటికి జెండా గద్దె దగ్గర ఆ కాయితమూ పెన్నూ పట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు
ఒక అంగన్‌వాడీ టీచర్,
నకిరేకల్ మండలం, నల్లగొండ జిల్లా